గడ్డం మీద మెతుకు

2023 జులై 18, మంగళవారం. భీమవరం

సాయంత్రం ఆఖర్న వచ్చారు. ఆరేళ్ళ పిల్లాడు, తల్లి, నాయనమ్మ. తండ్రి బండి దగ్గరే నిలబడిపోయాడు. రొయ్యల చెరువు మీద మేత వేసే పని అతనిది. నిన్ననే రావాల్సిందట. అమావాస్య కదా, పెద్దామె కదలనివ్వలేదు.

వాళ్ళు చెప్పింది పన్ను సంగతే. ఎడమవైపు కింద పాల దవడపన్ను ఊగుతోందని ఎక్కడో పీకించారు. ఆ గుంట మానలేదు. యాంటీబయాటిక్ మార్చి మార్చి వాడారు. నొప్పి ఎలా ఉందని అడిగాను.

"నొప్పి లేదండి మేడంగారు. లేకపోవడమే నాకు భయంగా ఉందండి. నెల్లాళ్ళ నించీ అన్నం తినేటప్పుడు గడ్డం మీద మెతుకు అంటుకుంటే తుడుచుకోడు. చెప్పినా చెయ్యి అటు పోదు. ఒళ్ళు బద్ధకమని ఒకటి అంటించాను కూడానండి" అంది తల్లి. అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చేతిలో ఉన్న అద్దం పక్కన పెట్టేశాను. పిల్లాణ్ణి కళ్ళు మూసుకోమన్నాను. దూది పీచు తీసి, "ముట్టుకున్నప్పుడల్లా చెయ్యెత్తు నాన్నా" అన్నాను. నుదురు, రెండు బుగ్గలు, కుడి గడ్డం, అన్నిచోట్లా ఠక్కున ఎత్తాడు. ఎడమ పెదవి కింద తాకించాను. ఎత్తలేదు. గడ్డం నడిమధ్య నించి పెదవి మూల దాకా, కింద దవడ అంచు వరకూ స్పర్శ లేదు. మొనదేలిన ప్రోబ్‌తో మెల్లిగా నొక్కాను. "ఇప్పుడు?" అంటే, "మీరింకా మొదలెట్టలేదుగా" అన్నాడు. పెదవి లోపల పళ్ళ గాటు, తెల్లగా పుండు పడి ఉంది. తనే కొరుక్కుంటున్నాడు, తెలియడం లేదు.

నోట్లో ఒక్క పుచ్చు లేదు. కింది పాల దవడపళ్ళు తొమ్మిది పదేళ్ళు దాటాక గానీ ఊడవు. ఆరేళ్ళకి, పుచ్చులేని పన్ను ఎందుకు ఊగింది? పీకిన గుంటలో ఎర్రగా, మెత్తగా కండ పైకి వస్తోంది. పక్కన అప్పుడే మొలుస్తున్న ఆరేళ్ళ పన్ను వేలు పెడితే కదిలిపోతోంది. ఓపీజీ, అంటే దవడంతా ఒకేసారి కనబడే ఎక్స్‌రే, తీయించాను. మొలవబోయే పళ్ళ చుట్టూ ఎముకలో సన్నటి తెల్ల గీత ఒకటి కనబడాలి. ఎడమవైపు అది చెరిగిపోయింది. అంతవరకూ చీము అనుకోవచ్చు. కానీ కుడివైపు కూడా అక్కడక్కడా చెరిగింది. చీము ఒక పన్ను దగ్గర పుట్టి ఆ చుట్టుపక్కలే ఉంటుంది. దవడ రెండు వైపులా ఇంత నిశ్శబ్దంగా తినుకుంటూ పోదు.

కనురెప్ప కిందకి లాగి చూశాను. పాలిపోయి ఉంది. మెడలో గడ్డలు చేతికి తగిలాయి. నిక్కరు బొత్తాం పట్టడం లేదని, సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడుతోందని అడిగితే చెప్పారు. అడక్కపోతే చెప్పరు. పంటి డాక్టరుకి పొట్ట సంగతి ఎవరు చెబుతారు?

తండ్రిని లోపలికి పిలిచాను. "రక్తం ఇప్పుడే, ఈ రాత్రే తీయించాలి. రేపు కాదు" అన్నాను. కారణం అడగలేదతను. నా మొహం చూసి ఊరుకున్నాడు.


రాత్రి, అదే రోజు

పాథాలజిస్టుగారు తొమ్మిదిన్నరకి ఫోన్ చేశారు. హిమోగ్లోబిన్ 8 పైన కొద్దిగా. ప్లేట్‌లెట్లు 60 వేల దగ్గర. మెషీన్ ఇచ్చిన లెక్కలతో ఆగకుండా స్లైడు తనే చూశారు. పెద్ద పెద్ద కణాలు, ముదురు నీలం రంగు, వాటిలో బుడగల్లా ఖాళీలు. "మేడం, ఇవి ఉండకూడనివి" అన్నారు. యూరిక్ యాసిడ్, ఎల్‌డీహెచ్ రెండూ బాగా ఎక్కువ.

ఇవి ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటే నాకు తట్టేది ఒకటే. నంబ్ చిన్ సిండ్రోమ్. నోటి వ్యాధుల పాఠంలో ఒక పేరాకి మించి లేని విషయం. మొహానికి స్పర్శ ఇచ్చేది అయిదో కపాల నరం, ట్రైజెమినల్. దాని మూడు పాయల్లో కింది పాయ నించి ఒక కొమ్మ దవడ ఎముక లోపల సొరంగంలా ఉన్న దారిలో నడిచి, ముందువైపు చిన్న రంధ్రంలోంచి బయటికొచ్చి గడ్డానికీ కింది పెదవికీ పోతుంది. ఎముక మజ్జలో కాన్సర్ కణాలు నిండితే ఆ ఇరుకు దారిలో నరం నలుగుతుంది. లేదా కణాలే నరంలోకి దిగుతాయి. లేదా పైన కపాలం అడుగున, మెదడు పొరల్లో చేరి మొదట్లోనే పట్టుకుంటాయి. మూడింట్లో ఏదైనా గడ్డం మీద కనిపించేది ఇంతే: చిన్న మేర, మొద్దుబారి.


జులై 19, బుధవారం

పొద్దున్నే పిల్లల డాక్టరుగారి దగ్గరకి నేనే తీసుకెళ్ళాను. ఆవిడ పొట్ట చూశారు, అల్ట్రాసౌండ్ చేయించారు. పేగుల దగ్గర గడ్డ. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ళు నడిపే హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రికి ఫోన్ చేసి మాట్లాడారు. రిఫరల్ కాగితం మీద పెద్దక్షరాలతో ఒక వాక్యం రాశారు: స్టెరాయిడ్ ఇవ్వలేదు, ఇవ్వవద్దు.

ఆ వాక్యం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. మా వైపు పిల్లాడి మొహంలో ఏ తేడా వచ్చినా మొదట పడేది డెక్సా అనే స్టెరాయిడ్ సూది. జ్వరం దిగుతుంది, వాపు లాగుతుంది, ఆకలి పుడుతుంది, ఇంటిల్లిపాదీ దణ్ణం పెడతారు. రక్తపు కాన్సర్ కణాలు స్టెరాయిడ్‌కి కొన్నాళ్ళు కరుగుతాయి. ఆ కొన్నాళ్ళలో పరీక్ష చేస్తే రిపోర్టు తేలదు. మళ్ళీ వచ్చేటప్పటికి రోగం ముదిరి, మందుకి లొంగడం తగ్గుతుంది. ఇలాంటి గడ్డ ఉన్నవాడికైతే ఇంకో ప్రమాదం. కణాలు ఒక్కసారి విరిగిపడి వాటి లోపలి పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలో నిండి, కిడ్నీలు ఆగిపోవచ్చు. సెలైన్లు, యూరిక్ యాసిడ్ తగ్గించే మందు సిద్ధం చేసుకుని, గంటగంటకీ మూత్రం కొలుచుకుంటూ మొదలెట్టాల్సిన వైద్యం అది. ఈ పిల్లాడికి ఆ సూది పడకపోవడం కేవలం అదృష్టం.

నాయనమ్మ మావుళ్ళమ్మకి ముడుపు కట్టాకే కదులుతానంది. తండ్రి తటపటాయించాడు. చెరువులో రొయ్యల పట్టుబడి దగ్గరపడింది, వదిలి వెళితే పని పోతుందని. అంబులెన్సు గుడి మీదుగా వెళ్ళమన్నాను. పెద్దామె దిగి, ముడుపు కట్టి వచ్చి ఎక్కింది. చెరువు యజమానికి ఫోన్ చేసి నేను మాట్లాడాను. మధ్యాహ్నం పన్నెండు లోపల ఊరు దాటారు.

తల్లి ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుంది. "కొట్టినందుకు వచ్చిందా అండీ?" అని అడిగింది. "కాదు తల్లీ. నువ్వు ఆ మెతుకు చూశావు కాబట్టి ఇవాళ బయల్దేరుతున్నారు. అక్కడ డాక్టర్లకి కూడా అది మొట్టమొదట చెప్పు" అన్నాను. నెల్లాళ్ళుగా ఆ దవడ చూసినవాళ్ళందరిలో రోగాన్ని కనిపెట్టింది ఆ అమ్మాయే.


జులై 22, శనివారం

తేలింది. బర్కిట్ లింఫోమా, మజ్జలోకి కూడా దిగింది. వెన్నునీటిలో కూడా కణాలున్నాయి. గడ్డం మొద్దుబారిందని వినగానే అక్కడి డాక్టర్లు అది అనుమానించి, మొదటి రోజే వెన్నులోంచి నీరు తీశారు. వైద్యం ఎంత గట్టిగా ఉండాలో దాన్ని బట్టే నిర్ణయిస్తారట. అంటే ఆ చిన్న తిమ్మిరి రోగం ఉందని చెప్పడమే కాదు, ఎంతవరకూ పాకిందో కూడా చెప్పింది.

మనిషికి వచ్చే కణుతుల్లో ఇంత వేగంగా పెరిగేది ఇంకోటి లేదంటారు. ఒక్క రోజులో, మహా అయితే రెండు రోజుల్లో కణాల సంఖ్య రెట్టింపవుతుంది. ఆ లెక్కన అమావాస్య ఒక రోజు, పట్టుబడి నాలుగు రోజులు, యాంటీబయాటిక్ ఇంకో వారం ఏమవుతాయో తలుచుకుంటే నిద్ర పట్టలేదు. అంత వేగంగా పెరుగుతుంది కాబట్టే మందుకి కూడా అంత వేగంగా పడిపోతుంది. వైద్యం సరిగ్గా అందిన చోట ఎక్కువమంది పిల్లలు పూర్తిగా బాగవుతున్నారు. అందే చోటికి చేరడమే కష్టం.

ఈ జబ్బుకి ఎవరి పేరు పెట్టారో ఆ డెనిస్ బర్కిట్ గురించి రాత్రంతా చదువుతూ కూర్చున్నాను. ఐర్లండ్ మనిషి. చిన్నతనంలోనే ఒక కన్ను పోయింది. యుగాండాలో ములాగో ఆస్పత్రి సర్జను. 1957లో తోటి డాక్టరు ఒక పిల్లాణ్ణి చూడమని పిలిచాడు. దవడలు నాలుగు మూలలా వాచి ఉన్నాయి, పళ్ళు వదులైపోయాయి. ఒక చోట పుట్టిన కణితి నాలుగు మూలలకీ ఎలా వచ్చిందో అర్థం కాలేదతనికి. కొద్ది వారాల తర్వాత జింజా పట్నంలో ఒక ఆస్పత్రి కిటికీలోంచి చూస్తే, బయట గడ్డి మీద తల్లి పక్కన కూర్చున్న ఒక పాప మొహం అదే తీరులో ఉంది. అప్పుడు వెతకడం మొదలెట్టాడు. 1958లో వ్యాసం రాశాడు. 1961లో పాత స్టేషన్ వాగన్ ఒకటి కొనుక్కుని, ఇద్దరు స్నేహితులతో సుమారు 10,000 మైళ్ళు ఆఫ్రికాలో తిరిగి, ఆస్పత్రి ఆస్పత్రికీ వెళ్ళి ఫొటోలు చూపించి, ఇలాంటి పిల్లల్ని చూశారా అని అడిగాడు. వానలు, వేడి, మలేరియా ఎక్కడుంటే ఈ జబ్బూ అక్కడే ఉందని తేలింది. అతని ఉపన్యాసం లండన్‌లో విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్ ఆ కణితి ముక్కలు తెప్పించుకుని, 1964లో వాటిలో ఒక వైరస్‌ను చూపించాడు. మనిషి కాన్సర్‌కి ముడిపడినట్టు తెలిసిన మొదటి వైరస్ అదే.

మన దగ్గర ఈ జబ్బు ఎక్కువగా పొట్టలో మొదలవుతుంది. దవడలో కనబడడం తక్కువ. అందుకే ఇక్కడి పంటి కుర్చీల్లో ఎవరికీ గుర్తుకు రాదు.

ఇంకో సంగతి చదివి ఆశ్చర్యపోయాను. మూతి వంకరపోయే జబ్బుకి పేరిచ్చిన చార్ల్స్ బెల్ ఉన్నాడే, రొమ్ము కాన్సర్ ఉన్న ఒకామెకి గడ్డం స్పర్శ పోవడాన్ని పందొమ్మిదో శతాబ్దం తొలి సగంలోనే గుర్తించి రాశాడట. మూతి వంకర అందరికీ తెలుసు. మొద్దుబారిన గడ్డం ఎవరికీ తెలియదు. ఒకే మనిషి రెండూ చూశాడు.


జులై 26, బుధవారం

తల్లి ఫోన్. మందు మొదలెట్టారు. మూత్రం బాగానే వస్తోంది, కిడ్నీలు నిలబడ్డాయి. పొట్ట మెత్తబడిందట, అన్నం అడిగాడట. కానీ కొత్తగా దవడ నొప్పి, రెండు వైపులా. "రోగం ఎక్కువైందేమోనండి" అని ఏడుపు.

కాదని చెప్పాను. విన్‌క్రిస్టీన్ పడిన పిల్లల్లో కొందరికి మొదటి మోతాదుల తర్వాత దవడ లాగేస్తుంది, కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఆ మందు నరాల్ని తాకుతుంది. ఆ మందు వచ్చేది మన పెరట్లో, గుడి ప్రహరీ వెంట, ఎవరూ నాటకుండా పెరిగే బిళ్ళగన్నేరు ఆకు నించి. మడగాస్కర్ మొక్క. 1950ల చివర కెనడాలోను, అమెరికాలోను దాని రసం మీద పనిచేసి ఈ మందులు తీశారు. ఈ సంగతి చెబితే ఫోన్లో నాయనమ్మ వెనకనించి, "మన దొడ్లో ఉందే అదేనా?" అనడం వినిపించింది. ఆకు తెంపి నూరి తాగించొద్దు, విషమని గట్టిగా చెప్పాను. తోడుకి అక్కడ నర్సుగారిచేత కూడా చెప్పించమన్నాను.


ఆగస్టు 13, ఆదివారం

మెథోట్రెక్సేట్ మొదలైంది. పెద్ద మోతాదు సెలైన్లో, చిన్న మోతాదు నేరుగా వెన్నులోకి. మెదడు పొరల్లో దాక్కున్న కణాలకి మామూలుగా రక్తంలో వేసే మందు సరిగా చేరదు, అందుకని.

యల్లాప్రగడ సుబ్బారావు ఈ భీమవరంలోనే పుట్టాడు, 1895లో. అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ జబ్బుతో పోయారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో అతను నడిపిన పరిశోధన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. తర్వాత దానికి విరుగుడుగా పనిచేసే పదార్థాలను చేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకి మొదట ఫోలిక్ యాసిడ్ వైపు మందులే ఇచ్చి చూశాడు. రోగం పెరిగింది. అయితే దాన్ని అడ్డుకుంటే? అని సుబ్బారావు బృందం పంపిన అమినాప్టెరిన్ వాడాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి కొన్నాళ్ళు తెరిపి దొరికింది. ఆ వ్యాసం 1948 జూన్‌లో అచ్చయింది. అప్పటిదాకా ఆ పిల్లలకి ఏ మందూ లేదు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు చనిపోయాడు, 53 ఏళ్ళకి. అమినాప్టెరిన్ స్థానంలో వచ్చిన దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్, అదీ లెడర్లీలో పుట్టిందే.

ఈ ఊరి మనిషి పని, ఈ ఊరి పిల్లాడి వెన్నులోకి ఇవాళ దిగింది. ఈ సంగతి తండ్రికి ఫోన్లో చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆయనకి పిల్లలున్నారా అండీ?" అని అడిగాడు. నాకు సరిగ్గా తెలియదన్నాను.


సెప్టెంబరు 10, ఆదివారం

సెప్టెంబరు పిల్లల కాన్సర్ అవగాహన నెల. మండలంలోని ఆర్‌ఎంపీలు, ఆశా కార్యకర్తలు, ఇద్దరు ముగ్గురు తోటి డెంటిస్టులు, కల్యాణ మండపంలో కూర్చున్నాం. భోజనాలు మా కాంపౌండరు వాళ్ళావిడ వండింది.

లెక్కలు కొన్నే చెప్పాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఏటా 19 ఏళ్ళ లోపు సుమారు 4 లక్షల మందికి కాన్సర్ వస్తోంది. డబ్బున్న దేశాల్లో నూటికి 80 మందికి పైగా బతుకుతున్నారు. మిగతా దేశాల్లో చాలాచోట్ల 30 మంది కూడా బతకడం లేదు. 2030 నాటికి కనీసం 60 మందిని బతికించాలని 2018లో ఒక లక్ష్యం పెట్టుకున్నారు. మందులు అవే, రోగం అదే. తేడా ఎక్కువగా దారిలో వస్తోంది. గుర్తించడంలో, పంపించడంలో, మధ్యలో మానెయ్యకుండా చూడడంలో.

ఒక పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా సైకిలు మీద ఊళ్ళు తిరిగిన మనిషి, లేచాడు. "ప్రతి తిమ్మిరికీ కాన్సరంటే జనం నా మొహాన ఉమ్మేస్తారు మేడంగారు."

న్యాయమైన మాట. కాన్సరని ఎవర్నీ చెప్పమనడం లేదు. మొహం మొద్దుబారిన పిల్లల్లో చాలామందికి పంటి చీమో, దెబ్బో, మత్తు సూదో, మైగ్రేనో, వైరస్సో కారణం. కానీ కారణం కనబడాలి. దెబ్బ తగల్లేదు, పుచ్చు లేదు, సూది వెయ్యలేదు, అయినా పెదవో గడ్డమో బుగ్గో రోజుల తరబడి స్పర్శ లేకుండా ఉందంటే, ఆ రోజే రక్తం తీయించి స్లైడు కళ్ళతో చూడమని రాసి పంపండి. మొత్తం అయ్యే ఖర్చు కొన్ని వందలు. పాలిపోవడం, విడవని జ్వరం, మెడ గడ్డలు, ఒంటి మీద నీలి మచ్చలు, రాత్రిళ్ళు కాళ్ళ నొప్పి, వయసు రాకుండా ఊగే పన్ను, వీటిలో ఒక్కటి తోడైనా ఇంక ఆలోచించొద్దు. రక్తం చూడకుండా స్టెరాయిడ్ మాత్రం వద్దు. మూతి వంకరకైనా సరే, పిల్లలైతే ముందు రక్తం.

మూతి వంకరకీ దీనికీ తేడా చాలామందికి తెలియలేదు. వంకర అంటే కండ కదలకపోవడం, అది ఏడో నరం. స్పర్శ పోవడం అయిదో నరం. వంకర చుట్టూ ఉన్న నలుగురికీ కనబడుతుంది. స్పర్శ పోయినట్టు పిల్లాడికి ఒక్కడికే తెలుసు, వాడికీ చెప్పాలని తోచదు. ఆరేళ్ళవాడికి నొప్పి అంటే ఏడవాలని తెలుసు. ఏమీ తెలియకపోవడం గురించి ఎవరికి ఫిర్యాదు చెయ్యాలి? మనమే అడగాలి. దూదితో తాకి చూడాలి. దానికి పరికరం కూడా అక్కర్లేదు.

మా కేస్ షీటు తిరగేస్తే నొప్పి గురించి అర పేజీ ప్రశ్నలున్నాయి: ఎప్పటి నించి, రాత్రా పగలా, చల్లటిదానికా వేడిదానికా. స్పర్శ గురించి ఒక్కటీ లేదు. కొత్త షీట్లు అచ్చుకి ఇచ్చాను. "పెదవి, గడ్డం, బుగ్గ: దూది తాకితే తెలుస్తోందా? రెండు వైపులా" అని పైనే ఒక వరస. తోటి డెంటిస్టులూ కాపీలు పట్టుకెళ్ళారు.


అక్టోబరు 28, శనివారం. విశాఖ

దువ్వాడలో దిగి ఆటోలో వెళ్ళాను. పిల్లాడికి జుట్టంతా పోయింది, కళ్ళు మాత్రం అవే. నన్ను చూసి ముందు నోరు మూసేసుకున్నాడు. "పన్ను పీకడానికి వచ్చారా?" కాదని, చూడ్డానికి వచ్చానని నమ్మించడానికి చాలాసేపు పట్టింది.

మెథోట్రెక్సేట్‌తో నోరంతా పూసింది. చల్లటి పెరుగు తప్ప ఏదీ మింగలేకపోతున్నాడు. మెత్తటి బ్రష్షు, సోడా ఉప్పు కలిపిన నీళ్ళతో పుక్కిలింత, పెదవులకి పూత ఎలా చెయ్యాలో తల్లికి మళ్ళీ చూపించాను. అక్కడి నర్సులు ఇవన్నీ ముందే నేర్పారు. ఆ అమ్మాయి నాకంటే బాగా చేస్తోంది.

పక్క మంచం మీద శ్రీకాకుళం వైపు పాప, పదకొండేళ్ళు. కుడి బుగ్గ తిమ్మిరి, ముక్కు దిబ్బడ, చెవిలోంచి చీము. నెలల తరబడి చెవిలో చుక్కలే వేశారట. ముక్కు వెనక, కపాలం అడుగున కండరజాతి కణితి, రాబ్డోమయోసార్కోమా. నరం మధ్య పాయ అక్కడినించే బుగ్గకి వస్తుంది. ఒక కన్ను లోపలికి తిరిగాక గానీ స్కాన్ తీయలేదు. ఆ పిల్ల వైద్యం పొడుగైనది, రేడియేషన్ కూడా ఉంది. వాళ్ళమ్మ నాతో మాట్లాడినంతసేపూ ఒకటే మాట: "బుగ్గ తెలియట్లేదని మా పిల్ల ముందే అందమ్మా, చెవి బాగైతే అదే పోద్దన్నారు." ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆగుతోంది. పిల్ల చెప్పింది. స్పష్టంగా, మాటల్లో చెప్పింది.

కాన్సర్ వైద్యానికి ఆరోగ్యశ్రీ ఉంది. తిండికి, గది అద్దెకి, పోయిన కూలికి అది చాలదు. తండ్రి ఇక్కడే ఒక హోటల్లో రాత్రిపూట గిన్నెలు కడుగుతున్నాడు. మధ్యలో వైద్యం మానేసి వెళ్ళిపోయే కుటుంబాలు ఉంటాయని డాక్టరుగారు అన్నారు. పిల్లాడు తేరుకున్నట్టు కనబడగానే, ఇంట్లో అప్పు గుర్తొస్తుందట. మేం దంపతులిద్దరం, పిల్లల డాక్టరుగారు, ఆ చెరువు యజమాని కలిసి నెలనెలా కొంత పంపేలా మాట్లాడుకున్నాం.


2024 జనవరి 17, బుధవారం

సంక్రాంతికి ఇంటికొచ్చారు. చివరి విడత అయిపోయింది. స్కాన్ శుభ్రంగా ఉంది, మజ్జలో, వెన్నునీటిలో కణాలు లేవు. ఈ జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి ఏడాదిలోనే తిరగబెడుతుంది. అందుకని ఈ ఏడాదంతా తరచూ వెళ్ళి చూపించుకోవాలి.

నా కుర్చీలోనే కూర్చోబెట్టి, కళ్ళు మూయించి, దూదితో మొదలెట్టాను. పెదవి మూల: చెయ్యెత్తాడు. దవడ అంచు: ఎత్తాడు. గడ్డం మీద: ఎత్తాడు, కొంచెం ఆలోచించి. పెదవికి సరిగ్గా కింద రూపాయి బిళ్ళంత చోట ఇంకా తెలియడం లేదు. అది ఎప్పటికైనా వస్తుందో, అలాగే ఉండిపోతుందో చెప్పలేను. పీకిన గుంట పూర్తిగా మూసుకుంది. ఆరేళ్ళ పన్ను గట్టిపడింది.

నాయనమ్మ అరిసెలు తెచ్చింది. ముడుపు తీర్చడానికి వెళుతున్నారట. పిల్లాడు రెండో తరగతిలో సగం పోగొట్టుకున్నాడు. ఎక్కాలు పన్నెండు దాకా వచ్చని నాకు అప్పజెప్పాడు, ఏడో ఎక్కం దగ్గర తడబడి మళ్ళీ మొదటినించీ.


మార్చి 12, మంగళవారం

వీరవాసరం వైపు ఆశా కార్యకర్త ఒకమ్మాయిని తీసుకొచ్చింది. పదమూడేళ్ళు. కింది పెదవి కుడివైపు అయిదు రోజులుగా తెలియడం లేదంది. ఆ ఊరి ఆర్‌ఎంపీ, అదే ఆ సైకిలు పెద్దాయన, సూది వెయ్యకుండా రక్తానికి రాసి పంపాడు. రిపోర్టు చేతిలోనే ఉంది. అన్నీ మామూలే, స్లైడూ శుభ్రం.

చూస్తే కింది చిన్న దవడపన్ను లోతుగా పుచ్చింది. ఎక్స్‌రేలో వేరు కొసన నల్లగా చీము సంచి. గడ్డం నరం బయటికొచ్చే రంధ్రం సరిగ్గా దాని పక్కనే. పన్ను తెరిచి చీము వదిలించాను. ఒత్తిడి పోతే కొద్ది రోజుల్లో, వారాల్లో స్పర్శ వస్తుంది.

ఆశా కార్యకర్త మొహం చిన్నబుచ్చుకుంది. "అనవసరంగా భయపెట్టి తిప్పానేమోనండి. వాళ్ళ నాన్న రెండు రోజులు పని మానుకున్నాడు."

తండ్రిని కూర్చోబెట్టి, ఏం చూశామో, ఎందుకు చూశామో, ఏం లేదని తేలిందో విడమరిచి చెప్పాను. రక్తపరీక్ష డబ్బులు నేనిస్తానంటే తీసుకోలేదు. ఆశా కార్యకర్తతో, ఇలాంటివి పది తీసుకురా, పదీ పంటి చీమే అయితే పండగ చేసుకుందామన్నాను. పెద్దాయనకి ఫోన్ చేసి రిపోర్టు చదివి వినిపించాను. "అయితే పన్నేనా? హమ్మయ్య" అని, నేను ఏదో అనేలోపే, "మా ఊళ్ళో ఇంకో పిల్లాడు నెల్లాళ్ళుగా కుంటుతున్నాడండి, దెబ్బేం లేదు, రేపు పంపనా?" అన్నాడు. పిల్లల డాక్టరుగారి దగ్గరికి పొద్దున్నే పంపమన్నాను. ఈ పిల్లకి శుక్రవారం రూట్ కెనాల్, పదకొండింటికి.